ఓడ అడుగు అంతస్తు నుండి చరిత్ర: నౌకాదళ చరిత్ర అధ్యయనంలో నూతన ధోరణులు

ఉపోద్ఘాతం

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మీద ప్రసంగించని సేవకుడు మనలో అరుదు. తుఫాను, ఓడ బద్దలవడం, పౌలు ధైర్యపు మాటలు, అందరూ క్షేమంగా ఒడ్డు చేరడం మన ప్రసంగాల్లో తప్పక వస్తాయి. అయితే లూకా అక్కడ పౌలును గూర్చి మాత్రమే వ్రాయలేదు. ఓడలో ఉన్నవారిని 276 మందిగా లెక్కకట్టాడు. పడవ దింపుకొని పారిపోజూచిన ఓడవారిని, ఖైదీలను చంపాలనుకున్న సైనికులను, వారిని ఆపిన శతాధిపతిని వేర్వేరుగా చూపించాడు. 1848లో జేమ్స్ స్మిత్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు ఈ ప్రయాణంపై ఒక గ్రంథం ప్రచురించాడు. స్వయంగా ఓడ నడిపిన అనుభవం గలవాడు కాబట్టి గాలి దిశను, ఓడ కొట్టుకుపోయే వేగాన్ని, నీటి లోతును లెక్కగట్టి లూకా వర్ణనను పరీక్షించాడు. వ్యాఖ్యానకర్తలు నేటికీ ఆ గ్రంథాన్ని ప్రస్తావిస్తుంటారు.

ఓడలో ఎవరెవరున్నారు, ఎవరు ఏ పని చేశారు అని అడగడం నౌకాదళ చరిత్రకారులకు మాత్రం చాలా ఆలస్యంగా అలవాటైంది. ఆ మార్పు ఎలా వచ్చింది, దానివలన మనకు తెలిసిందనుకున్న ఒక సాక్ష్యం ఎలా మారిపోతుంది అనే రెండు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఈ అంశం మీద నాకు ఆసక్తి కలగడానికి ఒక సంఘ సభ్యుడు కారణం. ఆయన జీవితకాలమంతా ఓడల్లో కళాసీగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. ఒక ఆదివారం నేను జాన్ న్యూటన్ జీవితాన్ని ప్రసంగంలో చెప్పాను. బానిసల వ్యాపారంలో తిరిగిన నావికుడు తుఫానులో దేవునికి మొరపెట్టాడని, మారుమనస్సు పొంది వెంటనే ఆ వ్యాపారం విడిచిపెట్టాడని, తర్వాత ప్రసిద్ధమైన కీర్తన వ్రాశాడని చెప్పి ముగించాను. ఆరాధన తర్వాత ఆ పెద్దాయన వచ్చి, "తుఫాను తప్పించుకున్నాక ఆయన ఏ ఓడ ఎక్కాడండీ అయ్యగారూ?" అని అడిగారు. ఓడ దిగినవాడు మళ్లీ ఏ ఓడ ఎక్కుతాడన్నది ఆయన జీవితమంతా అడిగిన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు.

1. సేనాధిపతుల చరిత్ర

చాలాకాలం నౌకాదళ చరిత్ర అంటే యుద్ధాల చరిత్రే. 1571లో లెపాంటో, 1805లో ట్రఫాల్గర్ వంటి పోరాటాలు, వాటిని నడిపిన అడ్మిరల్‌లు, ఓడల సంఖ్య, ఫిరంగుల సంఖ్య అందులో ముఖ్యాంశాలు. ఈ పద్ధతికి సిద్ధాంతరూపం ఇచ్చినవాడు అమెరికా నౌకాదళ అధికారి ఆల్ఫ్రెడ్ మహాన్. 1660 నుండి 1783 వరకు జరిగిన యుద్ధాలను పరిశీలించి, సముద్రాధికారం గల దేశమే ప్రపంచంలో పైచేయి సాధిస్తుందని 1890లో వాదించాడు. థియొడోర్ రూజ్వెల్ట్, జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ ఆయన గ్రంథాన్ని శ్రద్ధగా చదివారు. 1911లో జూలియన్ కార్బెట్ ఈ ఆలోచనను సరిదిద్దుతూ, మనుష్యులు నివసించేది నేలమీద గనుక సముద్రయుద్ధం నేలమీద జరిగే దానికి అనుబంధమేనని చూపించాడు. మన దేశంలో కె.ఎం. పణిక్కర్ 1945లో హిందూ మహాసముద్రాన్ని గూర్చి వ్రాసిన గ్రంథం కూడా సముద్రాధికారం అనే దృష్టితోనే సాగింది.

ఈ చరిత్ర వ్యర్థం కాదు. రాజ్యాలు ఎలా నిలిచాయో, ఎలా కూలాయో అది వివరిస్తుంది. అయితే అందులో సామాన్య నావికుడు సాధారణంగా ఒకేచోట కనబడతాడు. అది మృతుల సంఖ్య వ్రాసే వాక్యం.

2. మస్టరు పుస్తకాలు చెప్పినది

1949లో ఫ్రెంచి చరిత్రకారుడు ఫెర్నాండ్ బ్రాడెల్ మధ్యధరా సముద్రాన్ని గూర్చిన తన మహాగ్రంథంలో లెపాంటో యుద్ధాన్ని చివరి భాగానికి నెట్టాడు. ముందుగా గాలులు, తీరాలు, ధాన్యం ధరలు, ప్రయాణానికి పట్టే రోజులు వ్రాశాడు. యుద్ధం ఒక్కరోజుది, సముద్రపు బ్రతుకు శతాబ్దాలది అన్నది ఆయన దృష్టి.

తర్వాతి తరం చరిత్రకారులు ఓడలోనికి దిగారు. బ్రిటిష్ నౌకాదళంలో ప్రతి ఓడకు ఒక మస్టరు పుస్తకం ఉండేది. జీతం, భోజనం లెక్క కోసం ప్రతి మనిషి పేరు అందులో వ్రాసేవారు. ఓడ విడిచినవానికి 'డి', చనిపోయినవానికి 'డి.డి.', పారిపోయినవానికి 'ఆర్' అని గుర్తు. ఎన్.ఎ.ఎం. రాడ్జర్ ఇటువంటి రికార్డుల ఆధారంగా 1986లో 'ది ఉడెన్ వరల్డ్' అనే గ్రంథం వ్రాశాడు. ఏడేళ్ల యుద్ధకాలపు నౌకాదళం కేవలం కొరడా దెబ్బలతో నడిచిన నరకం కాదని, అధికారులూ నావికులూ ఒకరి అవసరం ఒకరికి ఉండి కలిసి బ్రతికిన సమాజమని ఆయన వాదన. మరుసటి ఏడాది, అనగా 1987లో, మార్కస్ రెడికర్ 1700-1750 మధ్యకాలపు వర్తక నావికులను గూర్చి వ్రాస్తూ దాదాపు వ్యతిరేకమైన చిత్రం చూపించాడు. ఆయన దృష్టిలో ఓడ ఒక కర్మాగారం, కెప్టెన్ దాదాపు అడ్డులేని యజమాని, నావికుడు కూలి కోసం పెనుగులాడే కార్మికుడు.

ఇద్దరిలో ఎవరిది నిజం? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబివ్వకూడదు. రాడ్జర్ చూసినవి రాజనౌకాదళ ఓడలు, రెడికర్ చూసినవి వర్తక ఓడలు. అంతకంటె ముఖ్యమైన తేడా వారి ఆధారాల్లో ఉంది. మస్టరు పుస్తకం జీతం ఇవ్వడానికి పుట్టింది గనుక అందులో రోజువారీ క్రమం కనబడుతుంది. రెడికర్ ఎక్కువగా వాడిన నౌకాన్యాయస్థానపు వాంగ్మూలాలు అన్యాయం జరిగిందన్న ఫిర్యాదు నుండి పుట్టాయి గనుక వాటిలో కన్నీరు కనబడుతుంది. ఒక రికార్డు ఏమి చెబుతున్నదో చూసే ముందు, అది ఎందుకోసం వ్రాయబడిందో అడగాలి. నూతన అధ్యయనం నేర్పిన మొదటి పాఠం ఇదే.

సంఖ్యల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. ఏడేళ్ల యుద్ధంలో (1756-1763) బ్రిటిష్ నౌకాదళంలోనికి 1,84,899 మందిని తీసుకోగా, పోరాటంలో చనిపోయినవారు 1,512 మంది మాత్రమేనని, వ్యాధివలన చనిపోయినవారు లేక కనబడకుండా పోయినవారు 1,33,708 మందని ఆనాడే ప్రచురించారు. ఈ లెక్క మీద ఆధారపడి నౌకాదళమంటే మృత్యుకూపమని ఎందరో వ్రాశారు. కానీ 'కనబడకుండా పోయినవారు' అనే మాటలో పారిపోయి బ్రతికినవారు కూడా ఉన్నారని తర్వాతి చరిత్రకారులు గుర్తుచేశారు. అయినా ఒక విషయం నిలుస్తుంది. నావికునికి శత్రువు ఫిరంగికంటె రోగం ఎక్కువ ప్రమాదకరం. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ వ్యాధిగల పన్నెండు మందిపై చికిత్సలు పోల్చిచూసి నారింజ, నిమ్మ పండ్లే బాగా పనిచేశాయని గమనించాడు. నిమ్మరసాన్ని నౌకాదళం అధికారికంగా స్వీకరించింది మాత్రం 1795లో. ఆ మధ్య గడిచిన 48 సంవత్సరాలు యుద్ధాల జాబితాలో కనబడవు.

3. సముద్రగర్భం నుండి వచ్చిన సాక్ష్యం

వ్రాతలో లేనివారి సంగతి ఏమిటి? ఇక్కడ పురావస్తు శాస్త్రం సహాయానికి వచ్చింది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదవ హెన్రీకి చెందిన మేరీ రోజ్ అనే యుద్ధనౌక 1545 జూలై 19న పోర్ట్స్‌మత్ సమీపంలో మునిగిపోయింది. 1982 అక్టోబరు 11న దాని శిథిలాన్ని పైకి తీశారు. బురద కప్పి కాపాడినందున 19,000కు పైగా వస్తువులు దొరికాయి. వాటిలో ఫిరంగులతోపాటు వైద్యుని పెట్టె, పేల దువ్వెనలు, చెక్క పళ్లేలు, చెప్పులు ఉన్నాయి. కనీసం 179 మంది ఎముకలు లభించాయి. వాటి మీద శ్రమ వదిలిన గుర్తులు చదివి ఎవరు ఏ పని చేసియుంటారో పరిశోధకులు అంచనా వేస్తున్నారు. ఎనిమిది మంది దంతాల రసాయన పరీక్ష ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. వారిలో కొందరు బ్రిటన్‌కంటె వెచ్చని దేశాల్లో పెరిగియుండవచ్చని ఆ పరీక్ష సూచించింది. ఇంగ్లండ్ యుద్ధనౌకలో ఇంగ్లీషువారే ఉన్నారన్న భావన అక్కడ సడలిపోయింది.

4. మన తీరంలో

ఈ దృష్టితో మన తీరాన్ని చూస్తే తెలిసినచోటే తెలియనివారు కనబడతారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగిలో 1802లో బ్రిటిష్ నౌకాదళ ఓడల మరమ్మతు కోసం ఎబినేజర్ రోబక్ ఒక డాక్ కట్టించాడు. అతని పేరు గెజిటీర్‌లో ఉంది. ఓడ పలకలు చెక్కిన వడ్రంగుల పేర్లు, సందులు పూడ్చినవారి పేర్లు వేరేచోట వెదకవలసినవే. 1839 నవంబరులో వచ్చిన తుఫాను, ఉప్పెన ఆ రేవును నాశనం చేశాయి. బర్మాకు వలసవెళ్లిన తెలుగువారిని అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు. రేవు పోయినా దాని పేరు మనుష్యులకు అంటుకొని ఉండిపోయింది.

బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన భారతీయ కళాసీలను లాస్కర్లు అనేవారు. సరంగు అనే మేస్త్రీ ద్వారా వారిని కుదుర్చుకొనేవారు. 1914 నాటికి వారు యాభై వేలకు మించియున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన 896 మంది స్మారకార్థం 1924లో కలకత్తాలో ఒక స్తంభం నిలిపారు.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ శిక్షణా కేంద్రంలో నావికులు పనికి నిరాకరించారు. చెడ్డ భోజనం, అధికారి జాత్యహంకార దూషణలు తక్షణ కారణాలు. కొన్ని రోజుల్లోనే అది కరాచీ, మద్రాసు, విశాఖపట్నం, కలకత్తాలకు ప్రాకింది. 78 ఓడలు, దాదాపు 20,000 మంది నావికులు పాల్గొన్నారు. దీనిని తిరుగుబాటు అనాలా, సమ్మె అనాలా, స్వాతంత్ర్య పోరాటం అనాలా అనే చర్చ ఇంకా సాగుతూనే ఉంది. అధికారుల విచారణ పత్రాలను మాత్రమే చదివితే ఒక పేరు వస్తుంది. అందులో పాల్గొన్న బి.సి. దత్ 1971లో ప్రచురించిన జ్ఞాపకాలను కూడా చదివితే మరో పేరు వస్తుంది.

5. న్యూటన్ ఎక్కిన తర్వాతి ఓడలు

ఇప్పుడు ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు వద్దాం. 1744లో న్యూటన్‌ను బలవంతంగా పట్టుకొని హార్విచ్ అనే యుద్ధనౌకలో చేర్చారు. పాత పద్ధతి చరిత్రకు అది 50 ఫిరంగుల ఓడ మాత్రమే. అతడు పారిపోయి, దొరికిపోయి, కొరడా దెబ్బలు తిని, హోదా పోగొట్టుకున్నాడు. అక్కడినుండి ఒక వర్తక ఓడకు మారి ఆఫ్రికా తీరం చేరాడు. గ్రేహౌండ్ అనే ఓడలో తిరిగివస్తుండగా 1748 మార్చిలో తుఫాను వచ్చింది. మనం చెప్పే సాక్ష్యం ఇక్కడ ఆగుతుంది.

ఓడల రికార్డు ఆగదు. అదే సంవత్సరం ఆయన బానిసలను తరలించే ఓడలో ముఖ్య సహాయకునిగా వెళ్లాడు. 1750 నుండి 1754 వరకు డ్యూక్ ఆఫ్ ఆర్గైల్, ఆఫ్రికన్ అనే ఓడలకు కెప్టెన్‌గా మూడు ప్రయాణాలు చేశాడు. ఆ కాలంలో ఆయన వ్రాసిన ఓడ దినచర్య 1962లో ప్రచురితమైంది. చనిపోయి సముద్రంలో వేయబడిన బందీలకు అందులో పేర్లు లేవు, సంఖ్యలున్నాయి. అదే ఓడపై ఆదివారాల్లో ఓడవారిని సమకూర్చి ప్రార్థనలు జరిపించాడు. 1754లో అనారోగ్యం వలన సముద్రం విడిచాడు. 1764లో అభిషేకం పొందాడు. ఆ వ్యాపారాన్ని బహిరంగంగా ఖండిస్తూ పుస్తకం వ్రాసింది 1788లో. తుఫానుకూ ఈ ఖండనకూ మధ్య నలభై ఏళ్లు గడిచాయి.

ఇది ఒక్క మనిషి కథ కాదు. బానిస ఓడల రికార్డులను పండితులు దశాబ్దాలపాటు సేకరించి 1999లో 27,000కు పైగా ప్రయాణాల వివరాలను సి.డి. రూపంలో వెలువరించారు. తర్వాత ఆ సంఖ్య 36,000 దాటింది. 1501-1866 మధ్య ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించబడినవారు సుమారు 1 కోటి 25 లక్షలు, అవతలి తీరంలో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలని వారి అంచనా. ఆ రెండు సంఖ్యల తేడాయే సముద్రంలో పోయినవారు. 1808 నుండి 1860 వరకు బ్రిటిష్ నౌకాదళపు పశ్చిమాఫ్రికా దళం సుమారు 1,600 ఓడలను పట్టుకొని 1,50,000 మందిని విడిపించింది. అది కూడా సత్యమే. అంతకుముందు అదే జెండా క్రింద లక్షలాదిమంది తరలించబడిన సంగతిని ఆ సత్యం తుడిచివేయదు.

ఈ సంగతులు తెలిశాక న్యూటన్ సాక్ష్యం చెప్పడం మానివేయాలా? అవసరం లేదని నా అభిప్రాయం. తాను ఆలస్యంగా ఒప్పుకున్నానని ఆయనే 1788లో వ్రాశాడు. మనమే ఆయనకంటె ముందుగా ఆయనను క్షమించి, మధ్యనున్న ఓడలను ప్రసంగం నుండి తీసివేశాం. మారుమనస్సు ఒక్క రాత్రిలో మొదలైనా, తన చేతిక్రింద సంకెళ్లలో ఉన్నవాడు తన పొరుగువాడని గ్రహించడానికి నమ్మకస్థుడైన క్రైస్తవునికి అన్నేళ్లు పట్టిందన్నది మన సంఘాలు వినవలసిన మాట. కులం విషయంలో మన చరిత్ర తెలిసినవారికి దీన్ని వివరించనవసరం లేదు.

ముగింపు

విద్యార్థులకు ఒక సూచన. మన మిషనరీ చరిత్రల్లో సముద్రప్రయాణం సాధారణంగా ఒకటి రెండు వాక్యాల్లో ముగుస్తుంది. విలియం కేరీ 1793లో డేనిష్ ఓడలో వచ్చాడని మనకు తెలుసు. ఆ ఓడ నడిపినవారెవరు, రేవులో సామాను మోసినవారెవరు, మొదట భాష నేర్పినవారెవరు అని అడుగుదాం. మీ సంఘంలోని పాత బాప్తిస్మపు రిజిస్టరు, సమాధుల రిజిస్టరు తెరిచి, ఏ పేర్లు పూర్తిగా వ్రాయబడ్డాయో, ఎవరిని 'కూలి', 'ఆయా' అని మాత్రమే వ్రాశారో గమనించండి. అది ఎందుకోసం వ్రాయబడిన పుస్తకమో కూడా అడగండి.

నేను జవాబు తెలుసుకొని ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి ఓడల పేర్లు వరుసగా చెప్పాను. ఆయన కాసేపు ఊరకుండి, "మరి ఈ సంగతి కూడా సంఘంలో చెప్పండి అయ్యగారూ" అన్నారు. తర్వాతి ఆదివారం చెప్పాను. వెంటనే విడిచిపెట్టాడని గతంలో నేను చెప్పినది పొరపాటని కూడా ఒప్పుకున్నాను.