పెత్రోవ్ శిష్యుడు

పోల్ వాల్ట్ ఆటగాడు సెర్గేయ్ బుబ్కా పేరు ఎత్తితే చాలామందికి మొదట గుర్తొచ్చేది 35 అనే అంకె. బయటి మైదానాల్లో 17, ఇండోర్‌లో 18, మొత్తం 35 ప్రపంచ రికార్డులు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంటారు: ఒక్కో సెంటీమీటరే పెంచుకుంటూ పోయి, రికార్డుకు ఇంత చొప్పున సొమ్ము చేసుకున్నాడని. డబ్బు వచ్చిన మాట నిజమే, అందులో తప్పేమీ లేదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా పనిచేసి రిటైరైన నాకు మాత్రం ఆయన బార్ దాటిన క్షణం కన్నా కాలు నేలను వదిలిన క్షణం ముఖ్యం. బుబ్కా గొప్పతనమంతా అక్కడే ఉంది. దాన్ని నేర్పినవాడి పేరు వితాలీ పెత్రోవ్.

పోల్ కొస దిగే బాక్స్ లోతు 20 సెంటీమీటర్లు. పరుగున వచ్చి కొసను అందులో దించగానే ఆ వేగమంతా పోల్‌లోకి పోతుంది. పోల్ వంగి, మళ్లీ సాగుతూ మనిషిని పైకి లేపుతుంది. 1960లలో ఫైబర్‌గ్లాస్ పోళ్లు వాడుకలోకి వచ్చాక అందరి దృష్టీ ఆ వంపు మీదికి మళ్లింది. కింది చేత్తో పోల్‌ను ముందుకు నెట్టి, బలవంతంగా వంచడమే విద్య అనుకున్నవాళ్లు చాలామంది. పెత్రోవ్ పాఠం వేరు. వంపు దానంతటదే వస్తుంది, మన పని పోల్‌ను నిటారుగా లేపడం. కొస బాక్స్ గోడకు తగిలేలోపే చేతులు తల మీదికి పూర్తిగా లేచిపోవాలి, కాలు నేలను వదిలేస్తూ ఉండాలి. ఇది కుదిరితే మిగతావాళ్ల కంటే పైన పట్టుకోవచ్చు, ఇంకా గట్టి పోల్ వాడొచ్చు. బుబ్కా ఈ రెండూ చేశాడు. పరుగు పందెగాడి వేగం ఆయనకు ఎలాగూ ఉంది. రన్‌వే చివర సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగంతో వచ్చేవాడు.

వెదురు గడతో దూకిన పాతతరం చేసింది కూడా దాదాపు ఇదే. వెదురు పెద్దగా వంగదు, మనిషే దాన్ని నిలబెట్టుకోవాలి. అమెరికాకు చెందిన కార్నీలియస్ వార్మర్‌డామ్ 1942లో వెదురుతోనే 4.77 మీటర్లు దాటాడు. మా బడిలోనూ వెదురు బొంగే, దిగేది ఇసుక గుంటలోకే. చేతులు ముందుగా లేపిన పిల్లవాడు, ఒంట్లో కండ లేకపోయినా, గడతో పాటు సాఫీగా పైకి పోయేవాడు. చేతులు ఆలస్యం చేసినవాడు ఎంత బలశాలి అయినా గడ మీదే ఆగిపోయేవాడు. అందుకే పెత్రోవ్ పద్ధతి గురించి మొదటిసారి చదివినప్పుడు మైదానంలో రోజూ చూస్తున్నదాన్నే ఒకాయన శాస్త్రంగా మలిచాడనిపించింది.

బుబ్కా పుట్టింది 1963 డిసెంబర్ 4న, ఉక్రెయిన్‌లోని లుహాన్స్క్‌లో. పసితనంలోనే పెత్రోవ్ చేతిలో పడ్డాడు. 15 ఏళ్లకు ఇల్లు వదిలి ఆ గురువు వెంటే దొనెత్స్క్ వెళ్లాడు. అన్న వసీలీ కూడా పోల్ వాల్టరే. దొనెత్స్క్ బొగ్గు గనులు, ఉక్కు కొలుముల ఊరు. 1869లో జాన్ హ్యూస్ అనే వేల్స్ దేశస్థుడు ఇనుప కర్మాగారం పెట్టడంతో మొదలైన పట్నం. అక్కడ తయారైన కుర్రాడు 1983లో హెల్సింకీలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌కు వెళ్లాడు. 19 ఏళ్లు. పేరు ఎవరికీ తెలియదు. 5.70 దాటి స్వర్ణం తెచ్చుకున్నాడు.

మరుసటి ఏడు లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ను సోవియట్ యూనియన్ బహిష్కరించింది. అక్కడ ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ కినోన్ 5.75తో గెలిచాడు. బుబ్కా అదే ఏడాది మే నెలలో బ్రాటిస్లావాలో 5.85 దాటి ఉన్నాడు. ఆగస్టు 31న రోమ్‌లో జరిగింది తలచుకుంటే నాకిప్పటికీ ఉత్సాహం వస్తుంది. ఫ్రాన్స్ ఆటగాడు తియెరీ విన్యెరోన్ 5.91 దాటి ప్రపంచ రికార్డు లాక్కున్నాడు. కొన్ని నిమిషాల్లోనే బుబ్కా 5.94 దాటి తిరిగి తీసుకున్నాడు. 1985 జులై 13న పారిస్‌లో 6 మీటర్లు దాటాడు. అంతకుముందు ఆ ఎత్తు దాటిన మనిషి లేడు.

1988 సియోల్ ఒలింపిక్స్ మేం దూరదర్శన్‌లో చూశాం. ఊళ్లో టీవీ ఉన్న ఇంటి వరండా నిండిపోయింది. స్వర్ణం, రజతం, కాంస్యం మూడూ సోవియట్ వాళ్లవే, 5.90తో బుబ్కా మొదటివాడు. అంత పేరున్న మనిషి జీవితంలో ఒలింపిక్ పతకం ఆ ఒక్కటే. 1992 బార్సిలోనాలో ఒక్క ఎత్తు కూడా దాటలేకపోయాడు. 1996 అట్లాంటాలో మడమ నరం గాయంతో బరిలోంచి తప్పుకున్నాడు. 2000 సిడ్నీలో 5.70 దగ్గరే ఆగిపోయాడు.

ప్రపంచ చాంపియన్‌షిప్ కథ వేరు. హెల్సింకీ, రోమ్, టోక్యో, స్టుట్‌గార్ట్, గోథెన్‌బర్గ్, ఏథెన్స్: 1983 నుంచి 1997 దాకా వరుసగా ఆరు స్వర్ణాలు. మొదటి మూడు సోవియట్ జెర్సీలో, తర్వాతి మూడు ఉక్రెయిన్ జెర్సీలో. 1991 టోక్యో పోటీలు జరుగుతుండగానే ఆగస్టు 24న ఉక్రెయిన్ స్వతంత్రం ప్రకటించుకుంది. మడమ నొప్పితోనే అక్కడ బుబ్కా 5.95 దాటాడు. బార్ మీద ఆయన ఒళ్లు ఎంత ఎత్తున ఉందో కొలిచి చూస్తే 6.37 మీటర్లని తేలింది. సెంటీమీటర్ల గురించి ఎగతాళిగా మాట్లాడేవాళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క దూకే. ఆ ఎత్తు ఆయన ఒంట్లో ఉంది. బార్ పెట్టిన చోటు మాత్రమే తక్కువ.

1993 ఫిబ్రవరిలో సొంత ఊరు దొనెత్స్క్‌లో ఇండోర్ రికార్డును 6.15కు తీసుకెళ్లాడు. 1994 జులై 31న ఇటలీ కొండల్లో, సముద్ర మట్టానికి 2 వేల మీటర్ల ఎత్తునున్న సెస్ట్రియేర్‌లో బయటి మైదానం రికార్డును 6.14 చేశాడు. అది 26 ఏళ్లు నిలిచింది. 2020లో రోమ్‌లో స్వీడన్ కుర్రాడు అర్మాండ్ డుప్లాంటిస్ దాన్ని దాటాడు.

బుబ్కా దొనెత్స్క్‌లో ఏటా పోల్ వాల్ట్‌కే ప్రత్యేకంగా ఒక పోటీ నడిపించేవాడు. 2014 ఫిబ్రవరి 15న అక్కడే, ఆయన కళ్లెదుటే, ఫ్రాన్స్‌కు చెందిన రెనో లావిలెనీ 6.16 దాటి ఇండోర్ రికార్డు తీసుకున్నాడు. తన సొంత ఊళ్లో తన రికార్డు పోతుంటే బుబ్కా లేచి అభినందించాడు. ఆ వసంతంలోనే దొనెత్స్క్, లుహాన్స్క్ రెండూ యుద్ధంలో చిక్కుకున్నాయి. ఆ పోటీ మళ్లీ అక్కడ జరగలేదు. పిల్లలకు ఆట నేర్పినవాణ్ణి కాబట్టి ఇది నన్ను చాలా బాధ పెడుతుంది. ఒక ఊరు ఒక ఆటకు బడిగా మారడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. గురువులు, పెద్ద పిల్లలు, వాళ్లను చూసి నేర్చుకునే చిన్న పిల్లలు అందరూ ఒకేచోట ఉండాలి.

పెత్రోవ్ పాఠం మాత్రం అప్పటికే సరిహద్దులు దాటింది. ఆయన ఇటలీలో తీర్చిదిద్దిన జ్యుసెప్పే జిబిలిస్కో 2003లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రష్యాకు చెందిన యెలెనా ఇసిన్బయేవా అప్పటికే 5 మీటర్లు దాటిన ప్రపంచ రికార్డు వీరురాలు. అయినా తన టేకాఫ్ మార్చుకోవాలని ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన శిక్షణలో ఉండగా 2009 ఆగస్టులో జ్యూరిక్‌లో 5.06 మీటర్లు దాటింది. మహిళల పోల్ వాల్ట్‌లో ఇప్పటికీ అదే ప్రపంచ రికార్డు.