'కస్తా' యను పదము

లాటినునుండి పుట్టిన పోర్చుగీసు, స్పానిషు, ఇటాలియను, ఫ్రెంచి మొదలగు వానిని రోమాన్సుభాషలందురు. వీనియందు 'కస్తా' యను పదము స్వల్పభేదములతో వాడుకలో నున్నది. మన కులములకు ఇంగ్లీషువారు పెట్టిన 'క్యాస్టు' అను పేరు దీని రూపాంతరమే. కావున దీని చరిత్రము మనకును సంబంధించినదే.

స్పెయిను, పోర్చుగలు దేశములలో నీ పదమునకు మొదట వంశము, జాతి యని యర్థము. మనుష్యులకేగాక గుఱ్ఱములకును వేటకుక్కలకును దీనిని వాడిరి. నేటికిని పోర్చుగలున ద్రాక్షరకములకు 'కస్తా'లనియే పేరు. 1611లో స్పానిషు నిఘంటువును ప్రకటించిన కోవరూబియాసు, ఇది 'శుద్ధమైన' యని యర్థమిచ్చు లాటినుపదమునుండి వచ్చెనని వ్రాసెను. 20వ శతాబ్దపు భాషాశాస్త్రజ్ఞుడు కొరోమినాసు అందుల కంగీకరింపక, గోతులభాషలో జంతువుల మందకును పక్షిపిల్లల గుంపునకును పేరైన యొక మాట దీనికి మూలమని యూహించెను. శుద్ధియని గర్వించిన చోట మంద కనబడుట గమనింపదగినది.

ఆ శుద్ధిభావము నిఘంటువులోనే నిలువలేదు. 1449లో తొలేదో నగరమున, యూదమతము విడిచి క్రైస్తవులైనవారును వారి సంతతియును అధికారపదవులకు తగరని శాసించిరి. ఇట్టి 'రక్తశుద్ధి' నిబంధనలు తరువాత మఠములకును విద్యాలయములకును వ్యాపించెను. మతము మారినను రక్తము మారదని వారి వాదము.

1498లో వాస్కో డ గామా కోళికోడు తీరమును చేరెను. అటుపిమ్మట పోర్చుగీసువారు, పుట్టుకనుబట్టి విడిపోయి సహపంక్తి నెఱుగని జనులను మన దేశమున చూచి, తమ యింటి మాటనే వారికి తగిలించిరి. 1567 నాటి గోవా క్రైస్తవసభ తీర్మానములలో నీ పదము ఆ యర్థముననే కనబడును. వర్ణము, జాతి, కులము అని మనము వేరుగ చెప్పుకొనునవి అన్నియు నా యొక్క మాటలో కలిసిపోయినవి.

స్పానిషువారి యేలుబడిలోని అమెరికాలో దీని యర్థము తలక్రిందయ్యెను. తెల్లవారు, ఆదిమవాసులు, ఆఫ్రికనులు కలియగా పుట్టిన సంతతికి 'కస్తా'లని పేరు వచ్చెను. 18వ శతాబ్దమున మెక్సికో చిత్రకారులు తల్లిని, తండ్రిని, బిడ్డను చిత్రించి, ఒక్కొక్క సంకరమునకు నొక పేరు వ్రాసి, తఱచుగా 16 పటముల వరుసలు కూర్చిరి. శుద్ధికి గుర్తైన మాట సంకరమునకు గుర్తయ్యెను! 1813లో స్వాతంత్ర్యనాయకుడు మొరేలోసు, దాస్యముతోపాటు కస్తాభేదమును తొలగవలెనని ప్రకటించెను.

పదము పరదేశీయము గనుక కులభేదమును పరదేశీయులే కల్పించిరని కొందఱందురు. ఇది నిలువదు. పోర్చుగీసువారు రాకమునుపే, 12వ శతాబ్దమున, బసవేశ్వరుడు కులభేదమును ఖండించెను. పల్నాట బ్రహ్మనాయుడు చాపకూడు నడపెనని ప్రతీతి. రోగము లేనిచోట చికిత్స యెందులకు? వచ్చినవారు పేరు మాత్రమే యిచ్చిరి, రోగము మనదే.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగమున నా పదమే, కులమునుబట్టి యెవ్వరిని వివక్షతో చూడరాదను నిషేధమునం దున్నది. మాట పుట్టిల్లు వెదకుట పండితుల పని. ఆ నిషేధమును మన యూరి పంక్తిలో, మన యింటి పెండ్లిలో నిజము చేయుట మనయందఱి పని.