రాడార్ దూరం కొలిచిన తొలి రోజులు

1904లో జర్మన్ ఇంజనీరు క్రిస్టియన్ హ్యూల్స్‌మేయర్ కొలోన్ నగరంలో రైన్ నది మీద రేడియో తరంగాలతో ఓడలను పసిగట్టి చూపాడు. ఎదురుగా ఓడ ఉంటే గంట మోగేది. అది ఎంత దూరంలో ఉందో మాత్రం ఆ యంత్రం నేరుగా చెప్పలేకపోయింది.

రేడియో తరంగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 150 మీటర్ల దూరంలో ఉన్న వస్తువును తాకి తిరిగి రావడానికి దానికి పట్టేది ఒక మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలో వంతు. ఇంత చిన్న వ్యవధి కొలవాలంటే మార్పు లేని తరంగాన్ని ఎడతెగకుండా పంపితే కుదరదు; తునకలుగా, అంటే పల్స్‌లుగా, పంపడం ఒక దారి. 1925లో అమెరికాలో గ్రెగరీ బ్రైట్, మెర్లే ట్యూవ్ ఇలాంటి పల్స్‌లను ఆకాశంలోకి పంపి, ప్రతిధ్వని ఆలస్యాన్ని బట్టి రేడియో తరంగాలను తిప్పి పంపే పై వాతావరణ పొర అయనోస్ఫియర్ ఎత్తు లెక్కగట్టారు. పల్స్‌లతో దూరం కొలిచే పద్ధతికి అసలు పునాది ఇదే.

1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ దగ్గర బ్రిటిష్ శాస్త్రవేత్తలు వాట్సన్-వాట్, విల్కిన్స్ చేసిన పేరుమోసిన ప్రయోగం కూడా విమానం ఉందని తేల్చిందే తప్ప దూరం తేల్చలేదు. అక్కడ వాడింది బీబీసీ నిరంతర ప్రసారం. ఆ ఏడాది జూన్‌లోనే ఆర్ఫర్డ్‌నెస్‌లో పల్స్‌ల సాయంతో 27 కిలోమీటర్ల దూరాన ఉన్న విమానాన్ని పట్టుకున్నారు.

తర్వాత బ్రిటన్ తీరం వెంట వెలసిన చెయిన్ హోమ్ రాడార్ కేంద్రాల్లో గడియారం పని చేసింది కేథోడ్ రే ట్యూబే. పల్స్ బయల్దేరగానే తెర మీద కాంతిబిందువు ఎడమ నుంచి కుడికి ఒకే వేగంతో కదిలేది. ప్రతిధ్వని అందిన చోట గీత కిందికి కుంగేది. 150 కిలోమీటర్ల దూరాన ఉన్న విమానమైతే దాదాపు ఒక మిల్లీసెకను తర్వాత కుంగుతుంది. ఆపరేటర్లలో చాలామంది మహిళలు. మీట తిప్పి సూచికను ఆ కుంగుడు మీదికి తెస్తే దూరం తెలిసేది. దిక్కు అంత కచ్చితంగా తెలిసేది కాదు. అందుకే రెండు కేంద్రాలు చెప్పిన దూరాలను పటం మీద చాపాలుగా గీసి, అవి కోసుకున్న చోట విమానాన్ని గుర్తించేవారు.

ఈ కేంద్రాలు సెకనుకు పంపినవి 25 పల్స్‌లే. అంతకంటే త్వరత్వరగా పంపితే, అయనోస్ఫియర్‌కు తగిలి ఎక్కడో దూరం నుంచి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని తర్వాతి పల్స్‌కు చెందినదిగా కనబడి, దూరం తప్పుగా వచ్చేది.

ఒక్కో పల్స్ నిడివి సుమారు 20 మైక్రోసెకన్లు. కాబట్టి 3 కిలోమీటర్ల లోపు ఎడంతో ఒకదాని వెనుక ఒకటి వచ్చే విమానాల ప్రతిధ్వనులు కలిసిపోయేవి. పల్స్‌ను కురచ చేస్తే ఆ చిక్కు పోతుంది, కానీ దాని శక్తీ తగ్గుతుంది. పొడవాటి పల్స్‌లోనే ఒక సంకేతాన్ని అల్లి పంపి, తిరిగొచ్చాక విప్పడం దీనికి తర్వాత దొరికిన విరుగుడు. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాల ఎంఎస్‌టీ వాతావరణ రాడార్ ఈ ఉపాయంతోనే పైగాలుల పొరలను 150 మీటర్ల అంతరాలతో విడదీసి చూస్తుంది.