ట్రాన్స్‌మిటర్ కోర్లపై డీసీ ప్రభావం

రేడియో ట్రాన్స్‌మిటర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ లేదా చోక్ చుట్టలో పారే డీసీ, కోర్‌లో స్థిర అయస్కాంత అభివాహాన్ని నింపి ఏసీ సంకేతానికి చోటు తగ్గించడమే ఈ ప్రభావం. సిలికాన్ ఉక్కు సుమారు 2 టెస్లాల వద్ద, మాంగనీస్-జింక్ ఫెర్రైట్ 0.3–0.5 టెస్లాల వద్ద సంతృప్తమవుతాయి. ఆ హద్దు దాటితే ప్రేరకత్వం పడిపోతుంది, తరంగరూపం ఒక పక్క నలుగుతుంది, మాట చెడుతుంది.

ఏఎం విధానంలో వాల్వులతో ప్లేట్ మాడ్యులేషన్ చేసే ట్రాన్స్‌మిటర్లకు ఈ చిక్కు అతి ముఖ్యం. మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను నడిపే పుష్-పుల్ వాల్వులు సమంగా పనిచేస్తే వాటి డీసీలు కలిగించే అభివాహాలు దాని ప్రైమరీలో పరస్పరం రద్దవుతాయి. సెకండరీలో మాత్రం ఆర్‌ఎఫ్ వాల్వు డీసీ అంతా ఒకే దిశలో పోతుంది.

కోర్‌లో సన్నని గాలి ఖాళీ వదలడం ఒక పరిష్కారం. అయితే దీనివల్ల ప్రేరకత్వం తగ్గి, చుట్లు పెంచాల్సి వస్తుంది. అధిక శక్తికి ఇంకా మేలైనది, డీసీని ప్రత్యేక చోక్ గుండా మళ్ళించి సంకేతాన్ని కెపాసిటర్ ద్వారా పంపడం. ఆ చోక్‌కూ గాలి ఖాళీ తప్పదు. పల్స్ వెడల్పు మాడ్యులేషన్ వాడే ట్రాన్స్‌మిటర్లలో మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు.