గోడమీది కాగితం, నత్త, నాగజెముడు

గోడలకు అంటించిన అక్కరలేని పోస్టర్లను నత్తల చేత తినిపించి వీధులు శుభ్రం చేయవచ్చుననే ఆలోచన వింతగా తోచినా, దానికి జీవశాస్త్రంలో ఆధారం లేకపోలేదు. కాగితంలో ప్రధాన భాగం సెల్యులోజ్, అంటే మొక్కలకు గట్టిదనాన్నిచ్చే పీచు పదార్థం. నత్త తన నోటిలోని రాడ్యులా అనే సన్నని పళ్ల పట్టీతో దానిని ఆకురాయిలా గీకి, కడుపులోని ఎంజైములతో అరిగించుకోగలదు. ఆస్ట్రేలియాలో తపాలా పెట్టెలలోకి దూరి ఉత్తరాలను కొరికే తోట నత్తలు కొత్తేమీ కావు. చిక్కంతా అక్కడే ఉంది: ఏ కాగితం అక్కరలేనిదో నత్తకు తెలియదు.

ఈ చిక్కును విప్పిన చరిత్ర అదే దేశంలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని టూవూంబా నగరానికి పడమరగా, డార్లింగ్ డౌన్స్ మైదానాలలో దొరుకుతుంది. అక్కడి శత్రువు పోస్టరు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చిన నాగజెముడు. కంచెకు పనికివస్తుందని పెంచిన ఈ మొక్క 1920ల నాటికి క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలలో దాదాపు 6 కోట్ల ఎకరాలకు వ్యాపించి, రైతులను పొలాలు విడిచిపోయేలా చేసింది. నరికితే తెగిన ప్రతి మట్టా మళ్లీ వేరూనేది, ఆర్సెనిక్ విషం చల్లడం భూమి విలువకు మించిన ఖర్చయ్యేది.

క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 1912లో హార్వే జాన్‌స్టన్, హెన్రీ ట్రయన్ అనే శాస్త్రజ్ఞులను నాగజెముడుకు సహజ శత్రువులను వెదకమని దేశాలమీదికి పంపగా, వారు చూసిన దేశాలలో భారతదేశమూ ఉంది. అందుకు కారణముంది. ఎర్రరంగు కోసం 1795లో బ్రెజిల్ నుంచి బెంగాలుకు తెచ్చిన కోచినీల్ పురుగు అసలైన రంగు పురుగు కాదని తేలినా, ఒక జాతి నాగజెముడును మాత్రం పీల్చి చంపింది. దానిని 1836–38లో దక్షిణ భారతానికి కావాలనే తెచ్చి వదిలారు. ఒక జీవిని ప్రయోగించి కలుపును అణచడంలో ప్రపంచానికి తొలి విజయం ఇదేనని శాస్త్రజ్ఞులు లెక్కిస్తారు; ఈ గౌరవాన్ని మన చరిత్ర పుస్తకాలు అంతగా పట్టించుకున్నట్లు లేదు.

డార్లింగ్ డౌన్స్‌ను విడిపించినది మాత్రం వేరొక పురుగు. కాక్టోబ్లాస్టిస్ అనే ఈ మాత్‌ను, అంటే రాత్రివేళ ఎగిరే సీతాకోకచిలుక బంధువును, ఆలన్ డాడ్ 1925లో అర్జెంటీనా నుంచి సుమారు 3,000 గుడ్ల రూపంలో తెప్పించాడు. దాని గొంగళిపురుగులు మట్టలోకి తొలుచుకుపోయి లోపలి గుజ్జు తినగా, ఆ దారిన కుళ్లు చేరి మొక్క కూలుతుంది. వదలడానికి ముందు ఆ పురుగులను పంటమొక్కలమీద ఉంచి పరీక్షించారు. జెముడు దొరకకపోతే అవి ఆకలితో చస్తాయే గాని పంట ముట్టవని తేలాకనే, టూవూంబా నుంచి డాల్బీ మీదుగా సాగే దారిలోని చించిల్లా కేంద్రంలో విరివిగా పెంచి పంచారు. 1930ల తొలినాళ్లకే నాగజెముడు అడవులు చాలా భాగం కుళ్లి నేలకొరిగాయి. చించిల్లా దగ్గరి బూనార్గాలో రైతులు 1936లో తమ సమావేశ మందిరానికి ఆ పురుగు పేరే పెట్టుకున్నారు.

ఆ మరుసటి దశలో ముందుగా పరీక్షించే ఈ జాగ్రత్త ఎందుకు సడలిందో ఊహించడం కష్టం కాదు. ఒక గెలుపు చూసిన కళ్లకు ప్రతి జీవీ పనివాడిలాగే కనబడుతుంది. చెరకు పెంకుపురుగులను తింటుందని 1935లో హవాయి నుంచి క్వీన్స్‌లాండ్‌కే తెచ్చిన కప్ప, ఆ పురుగులను అదుపు చేయకపోగా, దొరికిన మరే జీవినైనా మింగి, తన విషంతో తన్ను తిన్న జంతువులను చంపుతూ నేటికీ వ్యాపిస్తూనే ఉంది. మేత విషయంలో నత్త కాక్టోబ్లాస్టిస్‌కన్నా ఈ కప్పకే దగ్గర.

కాక్టోబ్లాస్టిస్ సైతం అన్నిచోట్లా మిత్రుడు కాలేదు. 1957లో కరీబియన్ దీవులలో వదిలిన ఆ పురుగు 1989లో ఫ్లోరిడాలో కనబడింది. జెముడు మట్టలను కూరగా వండుకునే, పంటగా సాగుచేసే మెక్సికో, 2006లో తన తీరానికి ఎదురుగా ఉన్న ఇస్లా ముహేరెస్ దీవికి అది చేరినప్పుడు, సోకిన మొక్కలను పీకించి, ఆ పురుగును అక్కడ నిర్మూలించింది.