జీతగాడు, క్లీనరు, ఓనరు (మన పేటల చరిత్ర - 11)

రాత్రిపూట ముదినేపల్లి సెంటర్లో నిలబడితే చేపల లారీని కళ్ళు మూసుకుని గుర్తుపట్టొచ్చు. వాసన ముందొస్తుంది, బండి తర్వాతొస్తుంది. పామర్రు నుంచి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, భీమవరం మీదుగా దిగమర్రు దాకా పోయే ఈ రోడ్డుకి ఇప్పుడు 165 నంబరు జాతీయ రహదారి అని పేరు. ఈ చుట్టుపక్కల చెరువుల చేపలు ఐసులో పడుకుని హౌరా, సిలిగురి, గువాహటి దాకా పోతాయి. వాటిని తీసుకెళ్ళే వాళ్ళలో మన పేటల వాళ్ళు చాలామంది. కొందరు జీతానికి తోలతారు. కొందరు తమ బండి తామే తోలుకుంటారు. ఈసారి ఆ రెండో రకం వాళ్ళ గురించి.

మన ఉద్యమ చరిత్రల్లో వీళ్ళకి చోటు తక్కువ. నేను చదివి, పాఠం చెప్పే సాహిత్యంలో ఇంకా తక్కువ. ఉన్నవ 1922లో 'మాలపల్లి' రాసినప్పుడు పాలేరు జీవితం నవలకెక్కింది. బోయి భీమన్న 'పాలేరు' నాటకం పాలేరు పిల్లాడికి చదువు దారి చూపించింది. మంచిదే. కానీ బడి దాకా పోలేని పిల్లాడు పాలేరుతనం నుంచి ఎలా బయటపడ్డాడు? చాలామంది లారీ ఎక్కి బయటపడ్డారు. ఆ దారి గురించి రాసింది తక్కువ.

అసలు సరుకు మొయ్యడం మనకి కొత్త కాదు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలవలొచ్చి, ఈ డెల్టా ధాన్యం దిబ్బ అయింది. పొలం నుంచి కళ్ళానికి, కళ్ళం నుంచి కాలవగట్టున పడవ దాకా బండి తోలింది పాలేరు. బండీ, ఎడ్లూ కామందువి. తోలు పట్టెడలు, వార్లు కుట్టింది మాదిగ. దారిలో ఇరుసు విరిగితే చీకట్లో దిగి సరిచేసుకోవాల్సిందీ తోలేవాడే. ఏ బస్తా ఎక్కడికి వెళ్ళాలో చెప్పేది మాత్రం కామందు. అంటే మరమ్మతు మనది, సరుకు మీద మాట వాళ్ళది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

1954లో టాటాలు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు. 1960ల్లో బెజవాడలో ఆటోనగర్ లేచింది. క్లీనరు పనికి సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు, అందుకే మన కుర్రాళ్ళు ఎక్కగలిగారు. ఊళ్ళో టీ కొట్టు దగ్గర గ్లాసు వేరుగా పెట్టిన రోజులవి. బెంగాలు దారిలో ధాబా నులకమంచం మీద పక్కన కూర్చున్నవాడికి మన పేట ఎటువైపుందో తెలీదు. ఈ ఒక్క కారణానికే ఇల్లు వదిలి బండెక్కిన వాళ్ళున్నారంటే నేను నమ్ముతాను.

క్లీనరుకి జీతం కంటే తిట్లెక్కువ. అయినా పని దొరికేది. జాకీ ఎక్కడ పెట్టాలి, కమాన్ కట్టలో ఏ పట్టీ విరిగింది, డీజిల్ లైన్లో గాలి పట్టేస్తే పంపు కొడుతూ ఎలా తియ్యాలి, నాజిల్ పోయిందో గ్యాస్కెట్ పోయిందో పొగ రంగు చూసి ఎలా చెప్పాలి. ఇదంతా పుస్తకం లేని చదువు. చేపల బండికి అదనంగా ఇంకో రోగం ఉంది. ఐసు నీళ్ళు కారి కారి అడుగు చెక్క పుచ్చిపోతుంది, ఛాసిస్ తుప్పు పడుతుంది. కిరాయి ఎక్కువ కనిపిస్తుంది గానీ, అందులో కొంత ఇనుముకి కట్టే బాకీ. ఈ సంగతి తెలిసిన ఓనరు వరసగా చేపల లోడ్లే ఎత్తడు.

మరి బండి ఓనర్లం ఎలా అయ్యాం? 1974లో ఎస్సీ కార్పొరేషన్ వచ్చింది. సబ్సిడీ, బ్యాంకు లోను కలిపి కొందరికి బళ్ళు అందాయి. కొన్నిచోట్ల ఆర్‌సీ మీద పేరు మనది, బండి పెద్దింటిది. కొల్లేరులోనూ ఇదే చూశాం. 1970ల చివర్లో దళితులకి, మత్స్యకారులకి సొసైటీలు పెట్టి చెరువులిచ్చారు. తర్వాత లీజు పేరుతో వాటిలో ఎన్నో డబ్బున్నోళ్ళ చేతుల్లోకి పోయాయి. చెరువులు పెరిగేకొద్దీ వరి తగ్గింది, నాట్లూ కోతలూ తగ్గాయి. స్టీరింగు పట్టుకున్న వాళ్ళలో చాలామంది ఆ పనులు పోయిన ఇళ్ళ పిల్లలే.

నిజంగా సొంత బండే ఉన్నా లోడు ఎంచుకోవడం అనేది పేరుకే. టన్నుకి ఇంత అని బ్రోకరు చెప్తాడు. అందులోంచి డీజిల్, టోలు, బత్తాలు, హమాలీ మామూళ్ళు, టైర్ల అరుగుదల తీసెయ్యాలి. తిరుగు లోడు దొరక్కపోతే వచ్చిన లాభం ఖాళీ బండి తాగేస్తుంది. అడ్వాన్సు ఎక్కించేటప్పుడిస్తారు, మిగతాది దించాక, ఎప్పటికో. 10వ తేదీన కిస్తీ ఉన్నవాడు 7న వచ్చిన లోడు వద్దనలేడు. 50 బళ్ళున్నవాడు వద్దని కూర్చోగలడు. పైగా చెరువు, మిల్లు, ఫైనాన్సు, బుకింగ్ ఆఫీసు ఎక్కువగా ఒకే చుట్టరికంలో తిరుగుతుంటే, మంచి లోడు 'మనోడి'కి పోతుంది. ఆ 'మనోడు' మనం కాదు. 2018లో పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి పెంచారు. అదే సరుక్కి తక్కువ బళ్ళు చాలు కాబట్టి, ఒంటి బండి వాడి బేరం ఇంకా పలచనైంది.

చట్టం దగ్గరికెళ్తే ఇంకో తమాషా. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలంది, కానీ అది ఐదుగురు కార్మికులున్న సంస్థకే వర్తించేది. ఒక బండి, ఒక మనిషి అయితే అతను యజమాని. తన రక్తం తానే తాగొచ్చు.

ఇప్పుడు మరమ్మతు కూడా చేతిలోంచి జారుతోంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బళ్ళే అమ్మాలి. సెన్సరు తప్పు చూపిస్తే ఇంజను ఊపిరి బిగబడుతుంది, స్పానరుతో పని కాదు, కంపెనీ ల్యాప్‌టాప్ రావాలి. అందుకే కొందరు పాత బండే కొంటారు, చెడితే తామే బాగుచేసుకోవచ్చని. వాళ్ళకి 2022లో కేంద్రం ఇచ్చిన కానుక, 15 ఏళ్ళు దాటిన పెద్ద లారీకి 12,500 రూపాయల ఫిట్‌నెస్ ఫీజు.

కార్పొరేషన్ ఆఫీసు ముందు మనం ఇన్నేళ్ళుగా బండి అడిగాం. లోడు అడగలేదు. రేషన్ బియ్యం, కొనుగోలు కేంద్రాల ధాన్యం, హాస్టళ్ళ సరుకు, ఇవన్నీ ప్రభుత్వం కిరాయి కట్టి తోలించే లోడ్లే. వాటిలో ఎస్సీ ఓనరు కమ్ డ్రైవర్లకి వాటా రాసివ్వమని, కిరాయి వారంలో చెల్లించమని ఈసారి అర్జీలో పెడదాం. ముసాయిదా నేను రాస్తాను. కిరాయి చీటీలు, కిస్తీ పుస్తకాలు దాచుకున్నవాళ్ళు జిరాక్సులు పంపండి.