స్టేషను భోజనశాల యైన కథ

అమెరికాలో డెట్రాయిట్ నుండి షికాగో పోవు రైలుమార్గముమీద ఆన్ ఆర్బర్ అను పట్టణము గలదు. అచ్చటికి రైలు 1839లో వచ్చినది. మిచిగాన్ సెంట్రల్ కంపెనీవారు 1886లో కట్టించిన రాతి స్టేషను ఇప్పటికిని నిలిచియున్నది. దానికి రూపకల్పన చేసినవాడు ఫ్రెడరిక్ స్పియర్ అను వాస్తుశిల్పి.

విద్యార్థులు మొదట గమనింపవలసినది దాని గోడల రాయి. అది గ్రానైటు. ఆ ప్రాంతపు నేలక్రింద నున్నవో, ఇసుకరాయి, సున్నపురాయి వంటి అవక్షేప శిలలు. మరి గ్రానైటు ఎచ్చటినుండి వచ్చినది? ఉత్తరమున కెనడాలో నూరుకోట్ల యేండ్లకు పైబడిన శిలలు నేలపైకి తేలియున్నవి. హిమయుగమున బ్రహ్మాండమైన మంచుపలకలు దక్షిణమునకు జరుగుచు, ఆ శిలలను పెకలించి, మూలలు అరుగదీసి మోసికొనివచ్చినవి. సుమారు 15 వేల యేండ్ల క్రిందట మంచు కరగిపోగా బండలు మిగిలినవి. అట్టివానిని ఫోర్‌మైల్ సరస్సు ప్రాంతమున ఏరి, చెక్కించి ఈ స్టేషను కట్టిరి. నాగలికి అడ్డుపడు బండ గోడకెక్కినది!

రెండవ ప్రపంచయుద్ధము తరువాత మోటారు రహదారులు, విమానములు ప్రయాణికులను లాగికొనినవి. అప్పటికి ఆ మార్గము నడుపుచున్న పెన్ సెంట్రల్ కంపెనీ 1970 జూన్‌లో దివాలా తీసినది. ఆ యేడే చక్ మ్యూర్ అను వ్యాపారి చేతిలో స్టేషను భోజనశాల యైనది. దానికాయన పెట్టిన పేరు 'గాండీ డాన్సర్'. గాంధీగారితో దీనికెట్టి సంబంధమును లేదు. పట్టాలు సరిచేయు కూలీలకు అమెరికాలో వాడుకపేరది. ఆ పేరుగల పనిముట్ల కార్ఖానానుండి పుట్టినదందురు గాని, ఆధారము దొరకలేదు.

'డాన్సర్' అన్నమాట మాత్రము వారి పనికి తగినదే. వంపులలో రైలు త్రోపుడుకు పట్టాలు ప్రక్కకు జరుగును. కూలీలు వరుసగా నిలిచి, ఇనుపగునపములను పట్టాక్రింద జొనిపి, పాటపాడుచు ఒక్కమారు నెట్టుదురు. గునపము ఇక్కడ మీట. చేతులనుండి ఆధారబిందువునకు 150 సెంటీమీటర్లు, అచ్చటినుండి పట్టాకు 10 సెంటీమీటర్లు అనుకొందము. బలము 15 రెట్లగును. అయినను ఒక్కని బలము కంకరలో దిగిన పట్టాల ఘర్షణను గెలువలేదు. పదిమంది వేరువేరు క్షణములలో నెట్టినను అంతే. అందరి బలము ఒకే క్షణమున పడవలెను. పాట అందుకే. బరువులెత్తునప్పుడు మనవారు 'ఐలేసా' అనుటయు ఇట్టిదే. నా మటుకు, మీటల పాఠమునకు ఇంతకన్న మంచి ఉదాహరణము లేదు.

అయితే భోజనశాలకు ఈ పేరు వచ్చునాటికే కూలీల పనిని చాలవరకు యంత్రములు అందుకొనినవి. 1983లో దగ్గరనే చిన్న కొత్త స్టేషను వెలసినది. రైళ్లు నేటికిని పాత రాతిగోడల ప్రక్కనుండియే పోవుచున్నవి.